పాత చెక్క పడవ కొన్నారా? ముందు ఏమీ విప్పకండి

ఏటా సెప్టెంబరులో మా ఊళ్ళో చెక్క పడవల పండగ అయిన వారానికి నాకు ఫోన్లు మొదలవుతాయి. సియాటిల్ పక్కనున్న రెడ్మండ్ నుంచో బెల్వ్యూ నుంచో ఎవరో తెలుగువాళ్ళు చేస్తారు. పండక్కి పిల్లల్ని తీసుకొచ్చి ఉంటారు. వార్నిష్ మెరిసే పడవల అంచుల మీద చెయ్యి రాసి చూసి ఉంటారు. ఇంటికెళ్ళి ఇంటర్నెట్‌లో వెతికితే ఏ మెరీనాలోనో ఒక పాత పడవ కనిపిస్తుంది. “అన్నా, ఓనరు దాదాపు ఊరికే ఇచ్చేస్తానంటున్నాడు. తీసుకెళ్ళిపోతే చాలట. శని, ఆదివారాలు కూర్చుని బాగుచేసుకోవచ్చా?”

చేసుకోవచ్చు. నేను ఎవర్నీ వద్దనను. కానీ ఫోన్లో పది నిమిషాల్లో సగమే చెప్పగలుగుతున్నాను. ఆ సగం విని, మొదటి శనివారమే పడవని విప్పేస్తున్నారు. గత నాలుగేళ్ళలో అలా విప్పిన పడవలు మూడు మా పడవల రిపేరు యార్డుకి ముక్కలుగా వచ్చాయి. అందులో రెండింటిని తిరిగి నిలబెట్టడం మా వల్ల కాలేదు. అందుకే ఈసారి కూర్చుని మొత్తం రాస్తున్నాను.

మా ఊరంటే ఇప్పుడు వాషింగ్టన్ రాష్ట్రంలోని పోర్ట్ టౌన్సెండ్. సియాటిల్ నుంచి ఫెర్రీ ఎక్కి, హుడ్ కెనాల్ మీది తేలే వంతెన దాటి రావాలి. ఇక్కడి పండగ 1977 నుంచి జరుగుతోంది. పక్కనే పోర్ట్ హాడ్‌లాక్‌లో చెక్క పడవలు కట్టడం నేర్పే బడి ఉంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి నేను చేరింది ఆ బడిలోనే. పద్నాలుగేళ్ళుగా ఇదే నా వృత్తి.

అసలు ఊరు తాళ్ళరేవు. కోరంగి, తాళ్ళరేవు చుట్టుపక్కల నావలు కట్టడం తరాల నాటి పని. 1839 తుఫాను కోరంగి రేవుని తుడిచిపెట్టేసినా ఆ పని మాత్రం కాలవ గట్ల మీద మిగిలింది. మా అమ్మ నాన్న, అంటే మా తాతయ్య, పడవల వడ్రంగి. రిపేరుకి నావ వస్తే పోటు మీద గట్టు దగ్గరికి లాగి, పాటుకి నీరు తీశాక పని మొదలుపెట్టేవాడు. మొదటి రోజు బాడిత, ఉలి ముట్టుకునేవాడు కాదు. రెండు పక్కలా తాటిదుంగలు ఆనించేవాడు. అడుగున ఇసక బస్తాలు సర్దించేవాడు. ముందు నుంచి వెనక్కి తాడు లాగి కట్టి, ఒక కన్ను మూసి, ఆ తాడు వెంబడి నావని చూసేవాడు. మళ్ళీ బస్తాలు కదిలించేవాడు. ఒక్కోసారి రెండు రోజులు ఇదే పని. పదేళ్ళ పిల్లాణ్ణి, నాకు విసుగొచ్చేది. “ఎప్పుడు కొడతావు తాతయ్యా?” అంటే, “ఉండరా అబ్బాయ్, దాన్ని ముందు నిలబడనీ” అనేవాడు.

ఆ మాట ఎందుకన్నాడో ముప్పై ఏళ్ళ తర్వాత తెలిసింది, నా చేతులతో ఒక పడవని పాడుచేశాక.

బడిలో చేరకముందు పదహారడుగుల తెడ్ల పడవ ఒకటి కొన్నాను. దేవదారు పలకలు, ఓక్ పక్కటెముకలు. పెంకుటింటి కప్పు మీద పెంకు మీద పెంకు ఎక్కినట్టు ఒక పలక అంచు మీద ఇంకో పలక ఎక్కే రకం. ఇక్కడ దాన్ని లాప్‌స్ట్రేక్ అంటారు, ఇంగ్లండులో క్లింకర్. లోపల 22 పక్కటెముకలు, సగం చీలి ఉన్నాయి. ఎలాగూ అన్నీ మార్చాలి కదా అని శనివారం పొద్దున్న మొదలుపెట్టి ఆదివారం సాయంత్రానికి మొత్తం పీకేశాను. ఖాళీగా, శుభ్రంగా ఉన్న పడవ లోపలి భాగాన్ని ఫొటో తీసి ఇంటికి పంపాను కూడా. తర్వాతి శనివారం కొలిస్తే నడిమధ్యలో వెడల్పు రెండున్నర అంగుళాలు పెరిగింది. అదీ రెండు వైపులా సమానంగా కాదు. పలకలకి తమంతట తాము ఒంపు నిలబెట్టుకునే శక్తి లేదు. పక్కటెముకలే వాటిని పట్టి ఉంచుతాయి. అవి పోగానే పడవ తన బరువుకి తనే పరుచుకుంది. నేను కొత్త పక్కటెముకలు ఆవిరి పట్టి వంచి పెట్టాను, అవి ఆ పరుచుకున్న ఆకారానికే చక్కగా అతుక్కున్నాయి. ఆ పడవ ఇంక ఎప్పుడూ తిన్నగా నడవలేదు. ఎప్పుడో 1930ల్లో ఎవరో నేర్పరి గీసిన గీతని నేను ఒక్క వారాంతంలో చెరిపేశాను. ఇప్పటికీ తలుచుకుంటే బాధే.

మీరు కాపాడాల్సింది కలపని కాదు, ఆకారాన్ని. కలప ఎలాగూ మారుతుంది. వందేళ్ళ పడవలో మొదటినాటి చెక్క ఎంత మిగిలి ఉంటుందో చెప్పలేం. ఆకారం మాత్రం ఒకసారి పోతే తిరిగి రాదు. కాబట్టి మొదటి నెల మీ పని విప్పడం కాదు, నిలబెట్టడం, కొలవడం.

బరువంతా అడుగున ఉండే వెన్ను మీద, అంటే కీల్ మీద, పడాలి. కీల్ కింద నాలుగైదు చోట్ల గట్టి దిమ్మలు పెట్టండి. రెండు చివర్ల మధ్య సన్నటి దారం లాగి కట్టి, కీల్ ఆ దారానికి సమాంతరంగా ఉందో లేదో చూడండి. పాత పడవల్లో ముందూ వెనకా కిందికి జారి, నడుము పైకి లేచి ఉంటుంది. అలా ఉంటే జాకీతో ఒక్కసారిగా సరిచేయకండి. వారానికి పావు అంగుళం చొప్పున దిమ్మల కింద ఏటవాలుగా చెక్కిన సన్నటి చెక్క ముక్కలు కొడుతూ రండి. పక్కన పెట్టే స్టాండ్లు పడవ ఒరిగిపోకుండా ఉండటానికే, మోయడానికి కాదు. బరువు వాటి మీద పడితే పలకలు లోపలికి నొక్కుకుపోతాయి. ఆ తర్వాత పడవ పైఅంచు మీద అడ్డంగా ఇటునుంచి అటుకి నాలుగు చోట్ల గట్టి బద్దలు స్క్రూలతో బిగించండి, వెడల్పు కదలకుండా. లోపల మూడు చోట్ల ప్లైవుడ్ కోసి, పడవ లోపలి ఒంపుకి సరిగ్గా సరిపోయే అచ్చులు చేసుకోండి. ప్రతి కొలతా తేదీతో సహా షెడ్డు గోడ మీద రాసుకోండి. కాగితాలు పోతాయి.

ఇదంతా అయ్యాక ఒకటి తీయండి, ఒకటి పెట్టండి. పక్కటెముకలైతే వరసగా కాకుండా ఒకటి తీసి రెండు వదిలి మళ్ళీ ఒకటి. తీసిన పాత ముక్క ఎంత పుచ్చినా పారేయకండి, కొత్తదానికి అదే నమూనా. దాని మీద నంబరు, కుడో ఎడమో, ఏ వైపు ముందో రాసి పెట్టండి. నేను తెల్ల పెయింటు మార్కరు వాడతాను.

ఒక నిజమైన పడవని తీసుకుంటే అర్థమవుతుంది. గుంటూరు తమ్ముడు, కాకినాడ అమ్మాయి, కొత్తగా పెళ్ళైన జంట, కిందటేడు ఒక ఫోక్‌బోట్ చూసి నాకు ఫోన్ చేశారు. పెంకు రకం పలకలున్న ఈ చిన్న తెరచాప పడవంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. స్కాండినేవియాలో మామూలు కుటుంబాలు కొనుక్కోగలిగే పడవ కోసం పోటీ పెడితే వచ్చిన డిజైన్లలో ఏదీ పూర్తిగా నచ్చక, మంచి లక్షణాలు కొన్ని కలిపి టూర్డ్ సుండేన్ చేత గీయించారు. మొదటి పడవ 1942లో స్వీడన్‌లో నీళ్ళలోకి దిగింది. ఆ తర్వాత వేలల్లో కట్టారు. పొడవు 7.68 మీటర్లు, మొత్తం బరువు రెండు టన్నుల లోపే, అందులో సగం దాకా అడుగున ఉండే ఇనప కీల్‌దే. శాన్ ఫ్రాన్సిస్కో బేలో ఇప్పటికీ వాటితో పందేలు జరుగుతాయి. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఇంత నయమైన పడవ లేదని నా నమ్మకం. చిన్నది, బలమైనది, ఏ ముక్క కొలత ఎంతో తెలిసినవాళ్ళు ఎందరో ఉన్నారు.

కొనేముందు ఒక రోజు మొత్తం కేటాయించి వెళ్ళాం. రంగు చూడలేదు. కుండ కొనేటప్పుడు తట్టి చూస్తారే, అలా చిన్న సుత్తితో పడవంతా తట్టుకుంటూ వెళ్ళాం. మంచి చెక్క ఖంగుమంటుంది, పుచ్చింది దబ్బుమంటుంది. చప్పుడు మారిన చోట మొనదేలిన ఆరతో గుచ్చి చూశాం. ఎక్కడెక్కడ తట్టాలంటే, డెక్కు అంచుకీ పలకలకీ మధ్య, వెనక చెక్క మూలల్లో, తెరచాప కొయ్యని పట్టి ఉంచే తీగలు పడవకి బిగించే చోట్ల, కొయ్య పాదం కింద. ఈ చోట్లు దాదాపు అన్నీ నీటికి పైనే ఉన్నాయని గమనించారా? కొత్తవాళ్ళు సముద్రపు నీటికి భయపడతారు. చెక్కని తినే బూజుకి ఉప్పునీరు పడదు. దానికి కావాల్సింది వాననీరు, కాస్త గాలి. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉంటే ఆ బూజు పెరగలేదు. డెక్కు సందులోంచి వాన చుక్క దిగి, ఆరని మూలలో నిలబడితే పనంతా అదే చేస్తుంది. (ఉప్పునీటిలో కలపని తొలిచే పురుగు వేరే ఉంది. అడుగు రంగు ఏటా వేస్తే దాని బెడద ఉండదు.)

సియాటిల్ వానలకి భయపడి పడవని నీలం టార్పాలిన్‌తో మూట కట్టినట్టు కట్టేస్తారు. అది వానకంటే ఎక్కువ హాని చేస్తుంది. లోపలి తేమ బయటికి పోదు. టార్పాలిన్‌ని పందిరిలా ఎత్తుగా కట్టి, ముందూ వెనకా తెరిచి ఉంచండి. లోపలి నేలచెక్కలు ఎత్తి పెట్టండి. అరల తలుపులు తీసి పెట్టండి. గాలి ఆడనివ్వడం కంటే చవకైన రిపేరు ఇంకోటి లేదు.

ఆ ఫోక్‌బోట్ పలకలు బాగున్నాయి. 14 పక్కటెముకలు చీలి ఉన్నాయి, అన్నీ ఒకే చోట, పడవ పక్క అడుగువైపుకి తిరిగే ఒంపు దగ్గర. ఈ రకం పడవలకి మామూలే, ఒంపు ఎక్కువున్న చోటే ఒత్తిడి. నేను పట్టుబట్టి చూపించమన్నది మాత్రం ఇనప కీల్‌ని పట్టి ఉంచే బోల్టు. అమ్మేవాళ్ళు ఎవరూ ఇష్టపడరు, బోల్టు తీయడం కష్టం. పై నుంచి నట్టు బాగానే కనిపించింది. బయటికి లాగితే చెక్కా ఇనుమూ కలిసే చోట నడుము పెన్సిలంత సన్నగా అయిపోయింది. కీల్‌బోల్టుల్లో తుప్పు సరిగ్గా అక్కడే, కంటికి కనబడని చోటే పని చేస్తుంది. అన్ని బోల్టులూ మార్చే ఖర్చు బేరంలో తగ్గించి కొన్నారు. ఒక్కటైనా బోల్టు తీసి చూడకుండా ఇలాంటి పడవ కొనకండి. మీకు తెలిసినవాళ్ళు లేకపోతే చెక్క పడవలు చూసే సర్వేయర్‌కి డబ్బిచ్చి చూపించండి. అమ్మేవాళ్ళు చూపించిన మనిషి వద్దు.

14 పక్కటెముకల్లో మొదటి చలికాలం ఎనిమిది మార్చుదామని ముందే అనుకున్నాం. పక్కపక్కన రెండు మూడు చీలి ఉన్నవి ఆ ఎనిమిది. మిగతా ఆరూ విడివిడిగా, గట్టి పక్కటెముకల మధ్య ఉన్నాయి, సన్నటి చీలికలే. అన్నీ ఒకేసారి చేసేద్దామని తమ్ముడికి తొందర. నేను ఒప్పుకోలేదు. నేను చూసిన సగంలో ఆగిపోయిన పడవలన్నీ అలాగే ఆగాయి. నేల మీద ఒక ఏడాది అనుకున్నది మూడేళ్ళవుతుంది, ఈలోగా పలకలు ఎండి చీలతాయి, పిల్లలు పుడతారు, ఉద్యోగం మారుతుంది, యార్డు అద్దె మాత్రం నెలనెలా కట్టాలి. ఏటా వేసవికి పడవ నీళ్ళలో ఉండేలా పని పంచుకోండి. చెక్కకీ మంచిది, మీకూ మంచిది. ఒక ఆదివారం తెరచాప ఎత్తి తిరిగొస్తే వచ్చే చలికాలం పనికి ఓపిక దానంతటదే వస్తుంది.

పక్కటెముకలకి తెల్ల ఓక్ కావాలి. ఎర్ర ఓక్ చూడ్డానికి అలాగే ఉంటుంది, చవక కూడా, పడవకి పనికిరాదు. ఎర్ర ఓక్ రంధ్రాలు గొట్టాల్లా తెరిచి ఉంటాయి, నీళ్ళు పీలుస్తుంది. చిన్న ముక్క ఒక కొస నీళ్ళలో ముంచి రెండో కొస నోట్లో పెట్టుకుని ఊదండి, బుడగలు వస్తే అది ఎర్ర ఓక్. బట్టీలో ఎండబెట్టిన చెక్క కూడా వద్దు, వంచితే పుటుక్కుమంటుంది. పచ్చిది గానీ, గాలికి కొంతే ఆరింది గానీ తీసుకోండి. పొర తిన్నగా కొస నుంచి కొస దాకా పోవాలి. ఎక్కడైనా పక్కకి జారిపోతే అక్కడే చీలుతుంది.

ఆవిరి పెట్టడం అంటే అందరికీ టెన్షన్. ఇడ్లీ ఉడకడం చూసినవాళ్ళకి ఇందులో తెలియనిదేమీ లేదు. పొడవాటి చెక్క పెట్టె, ఒక చివర నుంచి ఆవిరి, అంతే. గోడకాగితాలు ఊడదీసే స్టీమర్ ఒకటి సరిపోతుంది. అంగుళం మందానికి గంట లెక్క. నీళ్ళు మధ్యలో అయిపోకూడదు, ఆవిరి జోరు తగ్గకూడదు. మూత పదేపదే తీసి చూడకండి. అసలు కష్టం తర్వాతే. పెట్టెలోంచి తీసిన చెక్క అర నిమిషంలో బిగుసుకుపోతుంది. ఆ అర నిమిషంలో పడవలోకి చేర్చి, అడుగున పాదం పెట్టి తొక్కి, పైకి మెలి తిప్పుతూ పలకలకి అదిమి, క్లాంపులు బిగించాలి. కాబట్టి ముందురోజు చల్లటి చెక్కతో నాటకంలా రిహార్సల్ చేయండి. ఎవరు ఎక్కడ నిలబడాలి, ఏ క్లాంపు ఎవరి చేతిలో ఉండాలి, ఎవరు మాట్లాడాలి. ఒక్కరే మాట్లాడాలి. మొదటి మూడు విరుగుతాయి. ఎనిమిది కావాలంటే పన్నెండు చెక్కలు సిద్ధం చేసుకోండి. మాకు పదితో సరిపోయింది, అందుకు కాకినాడ అమ్మాయి చేతి వేగమే కారణం.

రివెట్లు కొట్టడం ఇద్దరి పని. రాగి మేకు బయటి నుంచి కొడితే లోపలికి వస్తుంది. దాని కొసకి చిన్న గిన్నెలాంటి రాగి బిళ్ళ తొడిగి, చెక్కకి ఆనేదాకా దించి, మిగిలిన మేకు కొంచెమే వదిలి కత్తిరించి, ఆ మిగిలిన కొసని బిళ్ళ మీద గుండ్రంగా సాగగొట్టాలి. కొడుతున్నంతసేపూ బయట ఇంకొకరు మేకు తలకి బరువైన ఇనప దిమ్మ గట్టిగా ఆనించి ఉండాలి. ఆనించకపోతే ప్రతి దెబ్బకీ మేకు బయటికి జరుగుతుంది. తమ్ముడు లోపల, ఆమె బయట. ఒకరికొకరు కనబడరు. మొదటి రోజు ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. “పెట్టావా?” “పెట్టాను.” “ఎక్కడ పెట్టావు?” మధ్యాహ్నానికి నేను మాటలు మాన్పించాను. దిమ్మ ఆనగానే ఆమె దాంతో ఒక్కసారి తడుతుంది, పని అయ్యాక అతను సుత్తితో రెండు సార్లు తడతాడు. సాయంత్రానికి నలభై రివెట్లు వేశారు. సుత్తి తేలికగా ఉండాలి. పెద్ద సుత్తితో రెండు దెబ్బలు కొడితే చెక్క లోపల మేకు వంకరపోతుంది. చిన్న సుత్తితో ఇరవై దెబ్బలు కొడితే పైన గుండు పుట్టినట్టు తల తయారవుతుంది. “అన్నయ్యగారూ, చప్పుడు వింటే చాలు, ఏది బిగిసిందో నాకు తెలిసిపోతోంది” అంది ఆమె నాలుగో వారం. చాలామందికి అది తెలియడానికి రెండేళ్ళు పడుతుంది.

కారే చోటల్లా ట్యూబులోంచి జిగురు పిండే అలవాటు గురించి గట్టిగా చెప్పాలి. ఈ పెంకు రకం పడవల్లో పలక మీద పలక ఆనే చోట ఏమీ పెట్టరు. చెక్క నీళ్ళకి ఉబ్బి తనే బిగుసుకుంటుంది. ఎండిపోయి సందు కనబడుతున్నప్పుడు అందులో గట్టిపడే పదార్థం కూరితే, ఉబ్బడానికి చోటు లేక పలక రివెట్ల వెంబడే చీలుతుంది. రివెట్లు వదులైతే బిగించండి, అదే అసలు మందు. పలకలు అంచుకి అంచు ఆనే రకమైతే సందుల్లో నూలు కూరుతారు. అదీ గట్టిగా దట్టించే పని కాదు. నూలు నీళ్ళకి ఉబ్బాలి. మా తాతయ్య వాళ్ళు నూలు మీద గుగ్గిలం, నూనె కాచి పూసేవారు. ఇక్కడ పుట్టీ పెడతారు. పద్ధతి ఏదైనా పలక కదలడానికి చోటివ్వాలి.

అదే కారణంతో పాత పడవ మీద ఫైబర్‌గ్లాస్ వేయించకండి. చెక్క తడికి పెరుగుతుంది, ఎండకి తగ్గుతుంది, ఫైబర్ కదలదు. రెండూ విడిపోయి మధ్యలో నీరు చేరుతుంది, చెక్క లోలోపల చివికిపోతుంది. ఇత్తడి స్క్రూలు నీటి దగ్గర వాడకండి. ఇత్తడిలోని జింకు కరిగిపోయి, మిగిలినది చేత్తో నలిపితే పొడి అవుతుంది. సిలికాన్ బ్రాంజ్ అనే కంచు స్క్రూలు ఖరీదే, అయినా అవే కొనండి. స్క్రూ తల మీద పెట్టే చెక్క బిరడాకి ఎపాక్సీ కాకుండా వార్నిష్ తడి చాలు. మీ తర్వాత ఎవరో అది తీయాల్సి వస్తుంది.

పాత రంగు గోకేటప్పుడు మాస్క్ లేకుండా ఒక్క నిమిషం కూడా పని చేయకండి. అందులో సీసం ఉంటుంది, అడుగు రంగులో రాగి. పొడిగా రుద్దకండి, తడిపి గోకండి. ఆ బట్టలతో ఇంట్లోకి వెళ్ళి పిల్లల్ని ఎత్తుకోకండి. విడిగా ఉతకండి. ఇది నేను ప్రతి ఒక్కరికీ రెండుసార్లు చెబుతాను.

చాలామంది ‘టాలీ హో’ వీడియోలు చూసి వస్తున్నారు. మంచిదే. 1910 నాటి ఆ ఇంగ్లీషు పడవ 1927లో ఫాస్ట్‌నెట్ అనే తెరచాప పడవల పందెం గెలిచింది. పందెం మధ్యలో వచ్చిన తుఫానులో గమ్యం చేరినవే రెండు. 2017లో లియో గూల్డెన్ దాన్ని ఒక్క పౌనుకి కొని, ఇక్కడికి దగ్గరలోని సెక్విమ్‌లో బాగుచేయడం మొదలుపెట్టి, మా పోర్ట్ టౌన్సెండ్‌లో పూర్తిచేసి 2024లో నీళ్ళలోకి దించాడు. దాదాపు మొత్తం కొత్త చెక్కే, కానీ ఆకారం దాని అసలు డిజైనర్ ఆల్బర్ట్ స్ట్రేంజ్ గీసిందే. ఆ వీడియోల్లో నాకు బాగా నచ్చేది మొదట్లో కీల్ మీద కూర్చుని కొలతలు తీసుకునే భాగం. చూసేవాళ్ళు దాన్ని దాటేసి పలకలు కొట్టే చోటికి వెళ్ళిపోతారు. లియో అప్పటికే వృత్తిలో ఉన్న పడవల వడ్రంగి అని, ఎందరో వచ్చి చేయి కలిపారని గుర్తుంచుకోండి. మీ మొదటి పడవ 48 అడుగులది కానవసరం లేదు.

మా ఫోక్‌బోట్ మే నెలలో నీళ్ళలోకి దిగింది. దిగేముందు వారం రోజులు అడుగు పలకల మీద తడి గోనెపట్టాలు పరిచాం. కొందరు పడవ నిండా నీళ్ళు పోస్తారు, అలా చేయకండి, ఆ బరువుకి ఉన్న రివెట్లూ సాగుతాయి. నీళ్ళలోకి దించాక మొదటి రాత్రి క్రేన్ పట్టీల్లోనే ఉంచాం. దించిన పది నిమిషాల్లో లోపల నీళ్ళు. తమ్ముడి మొహం పాలిపోయింది, జిగురు ట్యూబు తెస్తానని బయల్దేరబోయాడు. ఆపి, రెండు పంపులు పెట్టించాను, ఒకటి పాడైనా ఇంకొకటి ఉండాలని. ఆ రాత్రి ఇద్దరూ వంతులేసుకుని పడవలోనే పడుకున్నారు. పంపు ప్రతి ఏడు నిమిషాలకీ మొదలైంది. రెండో రాత్రికి నలభై నిమిషాలకి ఒకసారి. మూడో రోజు పొద్దున్నే ఆమె నాకు ఫోన్ చేసి, “అన్నయ్యగారూ, పంపు తెల్లవారుఝాము నుంచి మోగలేదు, పాడైందేమో వచ్చి చూడండి” అంది. వెళ్ళి చూశాను. పంపు బాగానే ఉంది. అడుగున చెంచాడు నీళ్ళున్నాయి.

వేసవంతా తిరిగారు. కొలతలు ఇంకా షెడ్డు గోడ మీదే ఉన్నాయి, చెరపొద్దన్నాను. అక్టోబరులో మళ్ళీ పైకి తీసి, మిగిలిన ఆరు పక్కటెముకలు పడతాం. ఎడమ వైపు నాలుగు, కుడి వైపు రెండు. ఎనిమిది ఓక్ చెక్కలు ఇప్పటికే నీడలో ఆరుతున్నాయి.